సుభద్రత్తయ్య కొలిచిన ఎలక్ట్రాను

అత్తయ్య పోయిన నెలకి, ఆవిడ పనిచేసిన ఆడపిల్లల కాలేజీవాళ్ళు సంతాప సభ పెట్టారు. మా నాన్నకి అక్క ఆవిడ. పేరు సుభద్ర. చివరి ఏడేళ్ళూ నా దగ్గరే ఉంది కాబట్టి నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. కర్మకాండల అలసట ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఎవరేం మాట్లాడుతున్నారో సగం వింటూ, సగం వినకుండా కూర్చున్నాను. అత్తయ్య దగ్గర చదువుకుని, అదే కాలేజీలో ఉద్యోగం చేసి రిటైరైన ఒకావిడ మైకు పట్టుకుని, "కరెంటు కూడా సరిగ్గా ఉండని రోజుల్లో, మన కాలేజీ ల్యాబులో, సుభద్ర మేడమ్‌గారు ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి కొలిచారండీ! పుస్తకంలో ఉన్న అంకెకీ ఆవిడకి వచ్చిన అంకెకీ తేడా నూటికి ఒకటి కూడా లేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని ఎవరికీ గుర్తు రాలేదు. నేను ఎదురుగా బల్లమీదున్న నీళ్ళ సీసా వంక చూస్తూ ఉండిపోయాను. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగాలేదని చెయ్యి ఊపాను. గొంతు బాగానే ఉంది. ఆ అంకె అత్తయ్యది కాదు. అది నేను కల్పించింది. ఆ మాట అంతమందిలో చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అరవై ఏడేళ్ళొచ్చాక ఓపిక లేదనుకోవడం సులువు. కానీ పదహారేళ్ళప్పుడు కూడా చెప్పలేదు నేను.

మాది ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా కాగిన మడ్డి వాసన. బట్టల్లోనూ జుట్టులోనూ కూడా అదే వాసన. ఆ ఏడాది ఇంటర్మీడియట్ పరీక్షలు అయిపోగానే నాన్న నన్ను బస్సెక్కించి బెజవాడలో అత్తయ్య దగ్గర దింపాడు. "సెలవులన్నాళ్ళూ అత్తయ్యకి సాయంగా ఉండు. కళ్ళతో ఇబ్బంది పడుతోంది" అని మాత్రం చెప్పాడు. అత్తయ్య అప్పటికి నలభైకి దగ్గర్లో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. గుణదలలో, వీధి చివరకి వస్తే మేరీమాత కొండ కనిపించే చోట, రెండు గదుల పోర్షను ఆవిడది. తెల్లవారుజామున లేచి, ముందురోజు చీరకి తనే గంజి పెట్టి, దండెం మీద అంచులు సమానంగా వచ్చేలా ఆరేసేది. తరవాత డికాక్షన్ దింపేది. చద్దన్నంలో మాగాయ కలిపి నాకో ముద్ద, తనకో ముద్ద. ఆ ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ గంజీ, చికోరీ, మాగాయలోని మెంతిపిండీ కలిసిన వాసనే. పుస్తకాలున్న బీరువా తెరిస్తే మాత్రం కర్పూరం వాసన వచ్చేది. పురుగు పట్టకుండా అరకొకటి చొప్పున బిళ్ళలు పెట్టేది.

వచ్చిన రెండో రోజుకే నాన్న చెప్పిన ఇబ్బంది ఏమిటో నాకు అర్థమైంది. అత్తయ్యకి రేచీకటి. మామూలుగా రాత్రిళ్ళు చూపు ఆనకపోవడం కాదు అది. ఏటేటా ముదిరే జబ్బు. వెలుతురులో పుస్తకం చదివేది, బోర్డు మీద రాసేది, మనుషుల్ని గుర్తుపట్టేది. వెలుతురు తగ్గిందంటే గోడ పట్టుకుని నడిచేది. అందుకే సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఇల్లు చేరిపోయేది. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. ఆవిడ ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు. అంటే క్లాసులో పాఠం చెప్పే పని కాదు, ల్యాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయించే పని. ఫిజిక్సు ల్యాబులో సగం ప్రయోగాలు చీకటి గదిలోనే చెయ్యాలి. ఏ అద్దం ఎక్కడుందో, ఏ మర ఎన్ని చుట్లు తిప్పాలో వేళ్ళతోనే నేర్చుకుని నెట్టుకొస్తోంది. "లెక్చరర్‌ని చేశారంటే చాలు రాజీ, పగలు వెలుతురులో నిలబడి పాఠం చెప్పుకుంటాను" అనేది. ఆ వేసవి తరవాత కాలేజీలో ఒక లెక్చరర్ పోస్టు ఖాళీ కాబోతోంది. సొంతంగా ఏదో ఒక పని చేసి చూపించినవాళ్ళకే ఇస్తామన్నారట. సెలవులు అయిపోయేలోగా గుంటూరులో ఫిజిక్సు టీచర్ల సభ ఉంది. అక్కడ ఒక ప్రయోగం గురించి చదువుతానని అత్తయ్య పేరిచ్చింది.

ఆ ప్రయోగం తాలూకు పరికరం ఒక చెక్కపెట్టెలో వచ్చి, ల్యాబు బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉంది. ఎవరు ప్రయత్నించినా పనిచెయ్యలేదట. దాంతో ఏం కొలుస్తారని అడిగితే, ఒకరోజు వసారాలో టేబుల్ ఫ్యాను ముందు చేటతో బియ్యం చెరుగుతూ చెప్పింది అత్తయ్య.

"మన కళ్ళంలో తూర్పారబట్టడం చూశావుగా? గాలికి ఊక ఎంతో దూరం పోతుంది, గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది. దూరం పోయిందంటే తేలికైనదన్నమాట. అవునా?"

"అవును."

"ఇంగ్లండులో ఒక ప్రొఫెసరు కూడా అదే పని చేశాడు. గాజు గొట్టంలోంచి గాలి లాగేసి, అందులో కరెంటు పంపిస్తే ఒక చివర్నుంచి ఏవో కిరణాలు బయల్దేరాయి. పక్కన అయస్కాంతం పెడితే అవి వంగాయి, విద్యుత్తు పెడితే వంగాయి. ఎంత వంగాయో కొలిచాడు. అవి కిరణాలు కావు, కణాలు అని తేల్చాడు. అప్పటికి తెలిసినవాటిలో అన్నిటికన్నా తేలికైనది హైడ్రోజను. దానికన్నా ఇవి వెయ్యి రెట్లకు పైగా సులువుగా వంగుతున్నాయి. మరి హైడ్రోజనులో వెయ్యోవంతు బరువని అనెయ్యొచ్చా?"

"అనొచ్చుగా?"

"అనకూడదు. ఊక దూరం పోయింది తేలికై కావచ్చు, దానికి గాలి ఎక్కువ తగిలి కావచ్చు. ఎంత గాలి తగిలిందో తెలియకుండా బరువు చెప్పలేం. ఇక్కడ గాలి అంటే ఆ కణం మీదున్న చార్జి. ఆయనకి దొరికింది చార్జికీ బరువుకీ ఉన్న నిష్పత్తి ఒక్కటే. చార్జి విడిగా తెలిస్తే భాగించి బరువు తీయొచ్చు. దానికోసం మంచు మబ్బుల్లాంటివి సృష్టించి కొలిచారు. నీటి చుక్కలు చూస్తూ ఉండగానే ఆవిరైపోయేవి. అప్పుడు అమెరికాలో ఇంకొక ప్రొఫెసరు నూనె చుక్కలు పెట్టాడు. నూనె ఆరిపోదుగా. ఆయన దగ్గరున్న విద్యార్థి ఒకడు చాలా పని చేశాడంటారు కానీ, అచ్చయిన వ్యాసం మీద వాడి పేరు పడలేదు." చేట కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, "నీ పేరు పడుతుందిలే, నేను వేస్తాను" అంది నవ్వుతూ.

మొదటి సగం ప్రయోగం ఆ కాలేజీలో డిగ్రీ పిల్లలు ఏటా చేస్తూనే ఉన్నారు. కిరణాల్ని అయస్కాంతంతో వంచి ఆ నిష్పత్తి తీసేవారు. రెండో సగం ఆ చెక్కపెట్టెలో ఉంది. దాన్ని బయటికి తీసి దుమ్ము దులిపి, పగిలిన గాజు బిళ్ళని మార్పించి, రోజూ పొద్దున్నే ఆరింటికల్లా గది తలుపులూ కిటికీలూ మూసి నల్లగుడ్డలు కట్టేవాళ్ళం. సెలవులు కాబట్టి మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. వాచీలు బాగుచేసే అతని దగ్గర తెచ్చిన నూనెని, సెంటుసీసాకుండే రబ్బరు బంతితో పరికరంలోకి చిమ్మేది అత్తయ్య. లోపల రెండు ఇత్తడి పళ్ళేలు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలెడు కూడా లేని సందు. పక్కనుంచి దీపం వేసి మైక్రోస్కోపులో చూస్తే నల్లటి ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు నూనె బిందువులు. అందులోంచి ఒక్కదాన్ని ఎంచుకుని, దాన్నే చూస్తూ ఉండాలి. మైక్రోస్కోపులో అంతా తలకిందులు కాబట్టి, పడే చుక్క పైకి పోతున్నట్టుండేది. అది అద్దం మీద గీసిన గీతల్లో మొదటిదాన్ని తాకగానే నేను "ఆ" అనాలి. రెండో గీతని తాకగానే మళ్ళీ "ఆ" అనాలి. బల్లకి అటువైపు, అట్టముక్క అడ్డం పెట్టిన చిన్న దీపం ముందు, అత్తయ్య చేతిలో స్టాపువాచీ. తరవాత ఆవిడ స్విచ్ వేస్తే పళ్ళేలకి విద్యుత్తు వచ్చి, చిమ్మినప్పుడు రాపిడికి అంటుకున్న చార్జి వల్ల చుక్క వెనక్కి ఎక్కుతుంది. మళ్ళీ "ఆ", మళ్ళీ "ఆ". పడటానికి ఎంతసేపు పట్టింది, ఎక్కడానికి ఎంతసేపు పట్టింది, ఈ రెండింటితో దానిమీద ఎంత చార్జి ఉందో లెక్క కట్టొచ్చు. ఎన్ని చుక్కలు చూసినా చార్జి ఒకే చిన్న అంకెకి రెట్లుగా వస్తుంది. రెండు రెట్లు, మూడు రెట్లు, ఐదు రెట్లు. ఆ చిన్న అంకే ఎలక్ట్రాను చార్జి. అత్తయ్యకి ఆ చుక్క కనిపించదు. ఒకసారి చూడబోయి, చాలాసేపు కన్ను ఆనించి, "నాకు వట్టి చీకటే ఉందే" అని లేచింది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

వేసవిలో బెజవాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ మూసిన గదిలో ఫ్యాను వెయ్యకూడదు. గుడ్డ కదిలినా వెలుగు పడి చుక్క పోతుంది. ఏలూరు రోడ్డు మీద లారీ వెళితే బల్ల వణికేది. ఒక చుక్కని అరగంట కాపాడుకున్నాక రైలు వస్తే చాలు, అది పక్కకి జారిపోయేది. పది దాటాక వేడికి లోపలి గాలి తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి అక్కడితో ఆపి, ఇంటికొచ్చి, అన్నం తిని, మధ్యాహ్నమంతా లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని లెక్కలు. లెక్కలు చెయ్యడం నాకు బాగానే వచ్చింది. అంకెలే సరిగ్గా వచ్చేవి కావు. ఒకరోజు రావలసినదానికంటే ఎక్కువ, ఒకరోజు మరీ ఎక్కువ, ఒకరోజు రెట్లూ లేవు ఏమీ లేవు. నెలరోజులు అలా గడిచాయి. నా కుడికన్ను పొద్దున్న లేవగానే అతుక్కుపోయి ఉండేది. అత్తయ్యతో చెప్పలేదు. మధ్యమధ్య హెడ్డుగారు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. ఫిజిక్సు శాఖకి పెద్దాయన. చెడ్డవాడేం కాదు, సెలవుల్లో కూడా ల్యాబు తాళాలు మా చేతికిచ్చాడు. "ఏమ్మా సుభద్రా, చిక్కిందా మీ చుక్క?" అని నవ్వేవాడు. అత్తయ్య కూడా నవ్వేది. ఆయన వెళ్ళాక లెక్కలు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేసేది. అన్నం తగ్గించేసింది. జాకెట్టు భుజాల దగ్గర వదులైంది.

ఫలానా రోజున అబద్ధం మొదలుపెట్టాలని నేను అనుకోలేదు. ఒకరోజు చుక్క గీతని తాకిందో లేదో తెలియని క్షణం వచ్చింది. కన్ను మసకబారింది. ఆ చుక్క పడటానికి పట్టిన సమయం నాకు తెలుసు. ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడితే మంచి అంకె వస్తుందో కూడా, అన్ని లెక్కలు చేసిన దాన్ని కాబట్టి, తెలుసు. గోడ గడియారం టిక్కు టిక్కుమని వినిపిస్తోంది. పదకొండు లెక్కపెట్టి "ఆ" అన్నాను. మధ్యాహ్నం లెక్క వేస్తే ఎన్నడూ లేనంత చక్కగా వచ్చింది. అత్తయ్య ఆ కాగితాన్ని కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ మళ్ళీ చూసింది. ఆ పూట పరమాన్నం వండింది. మర్నాడు ఇంకొక చుక్కకి అలాగే చేశాను. ఆ మర్నాడు మరీ సులువైపోయింది. చివరికి కన్ను మైక్రోస్కోపుకి ఆనించి, రెప్ప మూసుకుని, గడియారం వింటూ కూర్చునేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నెల రోజుల తరవాత ఆ కన్నుకి దొరికిన విశ్రాంతి అది. వారం తిరిగేసరికి అత్తయ్య సగటు తీసి, నిష్పత్తితో భాగించి, ఎలక్ట్రాను ద్రవ్యరాశి రాసింది. పుస్తకంలో ఉన్నదే వచ్చింది. హెడ్డుగారు స్వయంగా స్వీట్లు తెప్పించి, గుంటూరు సభవాళ్ళు వేసే సావనీరుకి ఆ అంకె పంపించేశాడు.

సభ ఇంకో పదిరోజులుందనగా అత్తయ్య, "ఇంకో నాలుగు చుక్కలు చూద్దాం" అంది. అవసరమేముందని అడిగాను. ఎప్పటిలాగే గది మూసింది, నూనె చిమ్మింది. ఒక చుక్కని పట్టుకున్నాను, పడటానికి పట్టిన సమయం నిజంగానే చూసి చెప్పాను. టక్కుమని స్విచ్ వేసిన చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను. మూడు లెక్కపెట్టి "ఆ" అన్నాను. ఇంకో పదమూడు లెక్కపెట్టి మళ్ళీ "ఆ" అన్నాను.

బల్లకి అవతల పెన్సిలు కదిలిన చప్పుడు రాలేదు.

"రాసుకున్నావా అత్తయ్యా?"

"వైరు తగిలించలేదే, రాజీ" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా. "స్విచ్ వేశాను కానీ పళ్ళేలకి వైరు తగిలించలేదు. చుక్క ఎక్కడానికి లేదు. పడిపోతూనే ఉండి ఉంటుంది."

కళ్ళు తెరిచి చూశాను. మైక్రోస్కోపులో ఏమీ లేదు. అత్తయ్య లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, కిటికీకున్న నల్లగుడ్డ లాగేసింది. ఎండ ఒక్కసారిగా ముఖాన కొట్టింది. నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, నా కుడికన్ను చూసింది. అది అప్పటికి మిరపపండులా ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పన్నెండు రోజులు."

"కన్ను ఎన్నాళ్ళ నుంచని అడుగుతున్నాను."

ఏడుపొచ్చింది నాకు. ఆవిడ పైటచెంగు తడిపి కన్నుమీద వేసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "ముప్పై రోజులు చెల్లాచెదురుగా వచ్చినవి, ఉన్నట్టుండి వరసలో నిలబడ్డాయి. నిజం లెక్కలు ఇంత బుద్ధిగా ఉండవే" అంది. అని, ఎర్ర పెన్సిలు తీసుకుని, ఆ పన్నెండు రోజుల పేజీలూ ఒక్కొక్కటీ అడ్డంగా కొట్టేసింది. ఇంకోసారి చూస్తాను, నిజంగా చూస్తాను, ఇంకా పదిరోజులుందిగా అని బతిమాలాను. "వద్దు. ఇంక చాలు" అని మైక్రోస్కోపుకి తొడుగు వేసేసింది.

ఆ మధ్యాహ్నమే హెడ్డుగారింటికి వెళ్ళాం. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపలి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"అవి తీసేయాలండీ. రీడింగుల్లో పొరపాటు జరిగింది" అంది అత్తయ్య.

"ఎవరు చేశారు పొరపాటు?"

"నేనేనండీ."

"సావనీరు అచ్చుకి వెళ్ళిపోయిందమ్మా. అయినా ఏం తీసేస్తావు? రావలసిన లెక్క వచ్చింది కదా. ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె అది. నీది తప్పెలా అవుతుంది?"

"అంకె తప్పు కాదండీ. మాకు రాలేదు."

ఆ గుమ్మం దగ్గర నేను లోపలికి రెండడుగులు వేసి, నేనండీ చేసింది, అని ఉండాల్సింది. వెయ్యలేదు. చెప్పులు విడిచిన కాళ్ళు ఎండకి కాలుతుంటే ఒక కాలు తీసి ఇంకో కాలి మీద పెట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన చాలాసేపు నచ్చజెప్పాడు. పోస్టు సంగతి కూడా ఎత్తాడు. చివరికి, "నీ ఇష్టం" అన్నాడు.

మిగిలిన రోజుల్లో అత్తయ్య మొదటి ముప్పై రోజుల రీడింగులతోనే లెక్క మళ్ళీ కట్టింది. అవి రావలసినదానికంటే పదోవంతు ఎక్కువ చూపించాయి. అది మరీ చెడ్డ ఫలితమేం కాదు. కానీ కూర్చుని చూసుకుంటూ ఉండగా ఆవిడకి ఒక సంగతి తట్టింది. చుక్క పడే వేగం గాలి చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. మేము పుస్తకంలో అంకె తీసుకున్నాం. అది చలిదేశపు గాలి. "మన గది గాలి అది కాదుగా. నూనె వేడెక్కితే పలచబడుతుంది కానీ, గాలి చిక్కబడుతుంది. ఆ సవరణ చెయ్యాలి" అంది. చేస్తే పదోవంతు తేడా కాస్తా ఐదోవంతుకి దగ్గరైంది. సరిదిద్దినకొద్దీ అంకె ఇంకా దూరం పోయింది. హెడ్డుగారు తల పట్టుకుని, "కనీసం ఆ సవరణైనా వదిలెయ్యి తల్లీ" అన్నాడు. వదల్లేదు.

గుంటూరు వెళ్ళడానికి పొద్దున్న రైల్లో కృష్ణ దాటాం. బారేజీ అవతల ఇసుక తప్ప నీళ్ళు కనిపించలేదు. సభలో నలభై మంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ సావనీరు, అందులో మా మంచి అంకె. అత్తయ్య లేచి, వేరే అంకె చదివింది. ఒక పెద్దాయన, "ఇందులో మరోలా ఉందేమమ్మా?" అన్నాడు. "అది తప్పండీ. దయచేసి కొట్టేసుకోండి. ఇదే మాకు వచ్చింది" అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, మనకెందుకండీ ఇవన్నీ, పెద్ద పెద్ద దేశాలవాళ్ళు ఎప్పుడో కొలిచేశారు, అన్నారు. అత్తయ్య కాగితం మడుస్తూ, "ఈ రీడింగులు తీసింది మా మేనకోడలు రాజ్యలక్ష్మి. ముప్పై రోజులు చీకటిగదిలో కూర్చుంది. అదుగో, అక్కడుంది" అని చెయ్యి చూపించింది. అందరూ తిరిగి చూశారు. ఆ నవ్వుకి కాదు, ఆ చేతికి నేను తట్టుకోలేకపోయాను. తిరుగు రైలెక్కాం. తెనాలినుంచి వచ్చే ఎవరో కుటుంబం మాకు జంతికలు పెట్టారు. తిన్నాం.

లెక్చరర్ పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. వాళ్ళు మంచివాళ్ళే. అత్తయ్య చీకటిగదుల్లోనే ఇంకో పన్నెండేళ్ళు చేసి, గాజుసామాను చేతిలోంచి జారడం మొదలయ్యాక తనంతట తనే మానుకుంది. నేను బి.కాం.లో చేరాను. ఎందుకని నాన్న అడిగితే లెక్కలు ఇష్టమన్నాను. బ్యాంకు ఉద్యోగం, పెళ్ళి, బదిలీలు, పిల్లలు. ఆ అంకె మాత్రం కాలేజీలో ఉండిపోయింది. సావనీరు ప్రతి ఒకటి లైబ్రరీలో ఉంది. అది చూసినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. ఎవరైనా అత్తయ్య దగ్గర ఎత్తితే, "లేదండీ, మాకు రాలేదు" అనేది. అది ఆవిడ వినయమనుకుని ఇంకా ఎక్కువగా చెప్పుకున్నారు.

నేనుండే ఫ్లాటుకి ఎదురుగా ఇప్పుడొక కోచింగువాళ్ళ హాస్టలు ఉంది. తెల్లవారకముందే పిల్లలు డాబా మీద వరసగా కూర్చుని, ఊగుతూ బట్టీ పడతారు. నైన్ పాయింట్ వన్, టెన్ టు ది పవర్ ఆఫ్ మైనస్ థర్టీ వన్. ఆ అంకె చెప్పడానికి వాళ్ళకి పట్టేది మూడు సెకన్లు. వాళ్ళని చిన్నచూపు చూడను. వాళ్ళ కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి. అత్తయ్య బాల్కనీలో కూర్చుని ఆ గోల వినేది. చూపు పూర్తిగా పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఒకరోజు ఇద్దరం గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నాం. ఆవిడ వేళ్ళతోనే ఈనెలు తీసేది, నాకంటే శుభ్రంగా. అప్పుడడిగాను. ఇన్నేళ్ళూ అడగలేనిది ఆ రోజు ఎందుకు అడిగానో తెలియదు. బహుశా ఇద్దరం అలసిపోయి ఉన్నాం.

"నన్ను ఎందుకు తిట్టలేదు అత్తయ్యా?"

దేని గురించని ఆవిడ అడగలేదు.

"తిట్టడానికేముందే? నెలన్నర నీకు ఎదురుగా కూర్చున్నాను. స్టాపువాచీ చూశాను, కాగితాలు చూశాను. నీ మొహం చూడలేదు. కన్ను అలా అయ్యేదాకా చూడలేదు." ఒక కాయ తుంచింది. "చూపు సరిగ్గా లేక కనపడలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. బయటికి వచ్చాక నీ మొహం చూడ్డానికి సరిపడా చూపు అప్పుడు నాకుంది."

ఆవిడ గిన్నె ముందుకు తోసి, "ఇవి తీసుకెళ్ళి కడుగు, లేతగా ఉన్నాయి" అంది.

సంతాప సభ అయిన వారం తరవాత కాలేజీకి ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపి రాశాను. జరిగింది జరిగినట్టు, నా పేరుతో. రెండు రోజులకి ఫిజిక్సు శాఖ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు హెడ్డు ఆమేనట. గొంతు చాలా చిన్నగా ఉంది.

"మేడమ్, మీ లెటర్ చదివానండీ. మరి మీకు నిజంగా వచ్చిన వాల్యూ ఎంతండీ?"

చెప్పాను.

"అంత తేడానా అండీ?"

"అంత తేడానే అమ్మా."

"అంటే మేడమ్, ఒక ఇబ్బందొచ్చిందండీ. ల్యాబుకి ఆవిడ పేరు పెడుతున్నాం. బోర్డు రాయించడానికి ఇచ్చేశాం. 'ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని కొలిచిన' అని రాయమన్నాం. ఆ లైను తీసేస్తే, పేరు కింద ఇంకేం రాయమంటారండీ?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. కొలిచిందమ్మా, కొలిచింది, మీరనుకునేంత దగ్గరగా రాలేదంతే, అని చెప్పొచ్చు. అదంతా బోర్డు మీద పట్టదు.

"డిమాన్‌స్ట్రేటర్ అని రాయండి" అన్నాను.